అక్షరసామ్యము - అర్థబంధుత్వము: ఆంగ్లాంధ్ర పదపట్టికల చరిత్రము

కొన్ని యక్షరముల కూర్పు సమానముగా గల పదములను ఒకచోట చేర్చి, వాని కెదురుగా అర్థములు వ్రాసి, ఆ పట్టికను కంఠస్థము చేయుట ఆంగ్లము నేర్చు తెలుగు విద్యార్థులకు నేడు నిత్యకృత్యమై యున్నది. నెల్లూరు జిల్లా పశ్చిమభాగమున వెలికొండల పాదమున నున్న సీతారామపురము మొదలుకొని విశ్వవిద్యాలయ నగరముల వరకు, ఉద్యోగపరీక్షలకు సిద్ధపడు యువజనుల చేతులలో ఇట్టి పట్టికలు కానవచ్చును. ఇది కేవలము పరీక్షోపయోగి యగు సాధనమని పండితులు దీనిని లెక్కచేయరు. కాని ఈ పద్ధతికి తెలుగునాట రెండు శతాబ్దులకు మించిన చరిత్ర కలదు. ఒకానొక కాలమున దక్షిణదేశ భాషల వంశనిర్ణయమే ఇట్టి యొక పట్టికపై నాధారపడినది. ఆ చరిత్రమును సంగ్రహముగా నిరూపించి, అక్షరసామ్యము అర్థమునకు ఎంతవరకు దారిచూపును, ఎచ్చట త్రోవ తప్పించును అను ప్రశ్నను విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

1. ప్రాచీన నిఘంటువులలో పదముల కూర్పు

మన పూర్వుల నిఘంటువులు ప్రధానముగా అర్థమును బట్టి కూర్పబడినవి. అమరసింహుని నామలింగానుశాసనము మూడు కాండములుగా, అనేక వర్గములుగా విభక్తమైనది. స్వర్గమునకు సంబంధించిన నామములొక వర్గము. భూమికి సంబంధించినవి వేరొక వర్గము. వృక్షౌషధుల పేళ్లు మరియొక వర్గము. తెలుగున పైడిపాటి లక్ష్మణకవి రచించిన ఆంధ్రనామసంగ్రహము ఈ మార్గముననే దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గములుగా నడచినది. దానిలో చేరని పదములను చేర్చుటకై అడిదము సూరకవి ఆంధ్రనామశేషమును రచించెను. కస్తూరి రంగకవి సాంబనిఘంటువును వెలయించెను. ఇవి యన్నియు పద్యరూపములు. చదివి వెదకుటకు గాక, వల్లించి ధరించుటకు ఉద్దేశింపబడినవి. విద్యార్థి మనస్సే గ్రంథము. అతని స్మృతియే సూచిక. ఆ కాలమున అకారాదిక్రమము లేకపోవుట లోపము కాదు. దాని యవసరమే కలుగలేదు.

ఐనను అక్షరమును బట్టి పదములను చేర్చు పద్ధతి మనవారికి బొత్తిగా తెలియనిదని యనుకొనరాదు. అమరకోశమునందలి నానార్థవర్గమును పరిశీలింపుడు. అచ్చట పదములు అర్థమును బట్టి కాక, అంత్యమున నున్న హల్లును బట్టి కాంతములు, ఖాంతములు, గాంతములు అను వరుసలో కూర్పబడినవి. దీనికి హేతువు స్పష్టమే. ఒక పదమునకు పెక్కర్థములున్నప్పుడు అర్థమును బట్టి వర్గీకరించుట పొసగదు. అర్థము ఆధారముగా నిలువని చోట అక్షరమే ఆధారమగుచున్నది.

తెలుగు లాక్షణికులు దీనిని మరియొక ప్రయోజనమునకు వినియోగించిరి. మన పద్యములకు యతి ప్రాసలు నియతములు. యతి పాదాద్యక్షరమును, ప్రాస రెండవ యక్షరమును అపేక్షించును. రేఫమునకును శకటరేఫమునకును ప్రాసమైత్రి గూర్చిన వివాదము తలయెత్తినప్పుడు, ఏ పదమున ఏ రేఫ యుండవలెనో నిర్ణయించుట అవసరమైనది. 1656 ప్రాంతమున కాకునూరి అప్పకవియు, ఆ తరువాతి లాక్షణికులును ఈ నిర్ణయమునకు పూనుకొనిరి. శకటరేఫము గల పదములను ప్రత్యేకముగా నెన్ని చూపుటయన నేమి? ఒక్క యక్షరము సమానముగా గల పదములను అర్థభేదము పాటింపక ఒకచోట చేర్చుటయే గదా! ఉచ్చారణలో భేదము నశించిన పిమ్మట వ్రాతలో దానిని నిలుపుటకు పట్టికకన్న వేరు శరణ్యము లేదు. ఈ విషయము ఆంగ్లభాషయందు మరల ఎదురుకానున్నది.

వీధిబడులయందును ఇట్టి సంప్రదాయమే కలదు. పెద్దబాలశిక్ష చదివిన వారికి, అందు గుణింతముల పిదప రెండక్షరముల పదములు, మూడక్షరముల పదములు అను క్రమమున మాటలు నేర్పబడుట తెలిసినదే. అచ్చట కూర్పునకు మూలము అర్థము కాదు, అక్షరసంఖ్య. కావున వర్గములుగా నేర్చుట మన పద్ధతియనియు, అక్షరములను బట్టి నేర్చుట పాశ్చాత్యపద్ధతియనియు విభజించుట సరికాదు. రెండును మనకు గలవు. వాని వాని ప్రయోజనములు వేరు.

2. అకారాదిక్రమము: మామిడి వెంకయ్య

మొదటి పదము నుండి తుది పదము వరకు తెలుగుపదముల నన్నింటిని అకారాదిగా కూర్చిన నిఘంటువులలో మచిలీపట్టణ వాసియగు మామిడి వెంకయ్య రచించిన ఆంధ్రదీపిక ప్రథమ గణ్యము. పందొమ్మిదవ శతాబ్ద్యారంభమున ఈ గ్రంథము సిద్ధమైనది. వెంకయ్య వైశ్యకులజుడు. ఆయన పద్యనిఘంటు మార్గమును విడిచి, ఏ పదము కావలసిన వాడు ఆ పదమును తానే వెదకి తెలిసికొనుటకు వీలగు గ్రంథమును నిర్మించెను. గురుముఖమున వల్లింపని వానికి గూడ భాష యందుబాటులోనికి వచ్చుట ఈ మార్పునందలి సారము.

ఆ గ్రంథమునకు వెంకయ్య వ్రాసిన పీఠిక చారిత్రకముగా ముఖ్యమైనది. తత్సమము, తద్భవము, దేశ్యము, గ్రామ్యము అను పదవిభాగమును ఆయన అందు వివరించెను. ఈ విభాగము వ్యాకర్తలకు పూర్వమే పరిచితము. కాని వేలకొలది పదములను వరుసగా ముందుంచుకొని, వానిలో ఏది యే వర్గమునకు చెందునో తేల్చిచూచిన నిఘంటుకర్త ఈ విషయము చెప్పుటకును, లాక్షణికుడు సూత్రరూపముగా చెప్పుటకును భేదము కలదు. దేశ్యము లనగా ఏవో కొన్ని మాటలు గావనియు, భాషకు మూలధనమే యవియనియు పట్టిక చూచిన వానికి కంటికి కట్టును.

1812లో చెన్నపట్టణమున ఫోర్టు సెంట్ జార్జి కళాశాల స్థాపితమైనది. ఈస్టిండియా కంపెనీ కొలువునకు క్రొత్తగా వచ్చు దొరలకు దక్షిణభాషలు నేర్పుట దాని పని. వెంకయ్య కృషి ఈ కళాశాల దృష్టికి వచ్చినది. ఏ.డి. కేంబెల్ 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో తెలుగు నిఘంటువును ప్రకటించెను. ఆ నిఘంటువునకు ఆంధ్రదీపిక ముఖ్యాధారమైనది. ఆంధ్రదీపిక మాత్రము కర్త జీవితకాలము గడచిన తరువాత గాని అచ్చునకు నోచుకొనలేదు. పుస్తకముపై కేంబెల్ పేరు నిలిచినది. పదములను ప్రోగుచేసిన వాని పేరు పండితుల చర్చలకు పరిమితమైనది.

3. 1816: ధాతువుల పట్టిక యొక్క సాక్ష్యము

అక్షరక్రమమున కూర్చిన పట్టిక శాస్త్రసాక్ష్యముగా నిలిచిన ఘట్టము ఇప్పుడు చెప్పవలసియున్నది. 1786లో కలకత్తాయందు సర్ విలియం జోన్సు సంస్కృతమునకును, గ్రీకు లాటిను భాషలకును ఏకమూలము ఉండవలెనని ప్రతిపాదించెను. అది మొదలుకొని భాషాబాంధవ్యములను విచారించు శాస్త్రమునకు అంకురార్పణ జరిగినది. కాని దక్షిణభాషల విషయమున పాశ్చాత్య పండితులు చిరకాలము పొరబడిరి. తెలుగు, తమిళము, కన్నడము మున్నగునవి సంస్కృతజన్యములే యని వారి తలంపు. శ్రీరామపురమునందలి విలియం కేరీ 1814లో ప్రకటించిన తెలుగు వ్యాకరణము నందును ఈ యభిప్రాయమే కలదు.

దీనిని ఖండించినవాడు చెన్నపట్టణపు కలెక్టరైన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. కేంబెల్ వ్యాకరణమునకు 1816లో ఆయన ఒక ఉపోద్ఘాత వ్యాఖ్యను జోడించెను. అందు ఆయన విచారమార్గము మూడు మెట్లుగా నున్నది: మొదట ధాతువులు, పిదప పదములు, తుదకు వాక్యరచన. ఈ మూడింటిలో మొదటి మెట్టే మన విషయమునకు ముఖ్యము.

కళాశాలలో సంస్కృతాంధ్రముల ప్రధానోపాధ్యాయుడుగా నుండిన వేదము పట్టాభిరామశాస్త్రి తెలుగు ధాతువులను అకారాదిగా కూర్చి యొక ధాతుమాలను సిద్ధపరచియుండెను. ఎల్లిస్ కొన్ని యక్షరములను గ్రహించి, వాని క్రింద సంస్కృత ధాతుపాఠమున వరుసగా వచ్చు ధాతువులను ఒకవైపునను, తెలుగు ధాతుమాలలో వరుసగా వచ్చు ధాతువులను రెండవవైపునను అర్థసహితముగా నిలిపెను. మొదటి యక్షరము రెంటను ఒకటే. ధాతువులును వాని యర్థములును మాత్రము వేరు. పిమ్మట తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను ప్రక్కప్రక్కల నుంచి చూపగా, అచ్చట అక్షరములే గాక అర్థములును కలిసివచ్చినవి. సంస్కృతముతో తెలుగునకు గల సంబంధము ఎరువు తెచ్చుకొన్న పదముల సంబంధమే గాని పుట్టుకకు సంబంధించినది కాదని ఈ విధముగా తేలినది. మామిడి వెంకయ్య పీఠికయందలి పదవిభాగమును గూడ ఎల్లిస్ అనువదించి తన వాదమునకు తోడు చేసికొనెను.

ఈ వాదమునందలి బలమెచ్చట నున్నది? రెండు భాషలనుండి తన కనుకూలములగు పదములను ఏరుకొని చూపినచో ఎవ్వడేని ఏ సంబంధమునైనను స్థాపింపవచ్చును. అకారాదిపట్టికలో వరుస తప్పక ధాతువులను గ్రహించునప్పుడు ఏరుకొనుట కవకాశము లేదు. పట్టికను కూర్చినవాడు వాదమును ఎరుగడు. వాదము చేయువాడు పట్టికను కూర్చలేదు. అక్షరక్రమము అర్థమును పాటింపకుండుటయే ఇచ్చట గుణమైనది. నిష్పక్షపాతమగు సాక్షి కావలసినచోట అది సాక్షిగా నిలిచినది.

జర్మనీలో ఫ్రాంజ్ బాప్ సంస్కృత క్రియారూపములను గ్రీకు, లాటిను, పారసీక, జర్మన్ భాషలతో పోల్చి తన ప్రథమగ్రంథమును ప్రకటించినదియు 1816లోనే. ద్రావిడభాషలను గూర్చి రాబర్టు కాల్డ్వెల్ రచించిన తులనాత్మక వ్యాకరణము 1856లో గాని వెలువడలేదు. ఎల్లిస్ 1819లో రామనాథపురమున మరణించెను. ఆయన వాదమును చిరకాలము లోకము మరచినది; కీర్తి కాల్డ్వెలునకు దక్కినది. 2006లో థామస్ ట్రౌట్‌మన్ ఈ చరిత్రమును విపులముగా పరిశోధించి ప్రకటించిన పిదప ఎల్లిసునకు రావలసిన గౌరవము చాలవరకు వచ్చినది. మా మనవి యేమనగా, ఆ గౌరవమునందు వెంకయ్యకును పట్టాభిరామశాస్త్రికిని సమభాగము కలదు. వారి పట్టికలు లేకున్న ఎల్లిస్ వాదమునకు నిలువ నేల లేదు. తెలుగుభాష స్వతంత్రకుటుంబమునకు చెందినదని మన పిల్లలకు చెప్పునప్పుడు ఈ రెండు పేళ్లును చెప్పవలసియున్నది.

4. ఆంగ్లాంధ్ర నిఘంటువులు: బ్రౌను

ఆంగ్లపదములకు తెలుగున అర్థములు చూపు నిఘంటువులు ఆ తరువాత వచ్చినవి. పందొమ్మిదవ శతాబ్ది నాలుగవ దశకమున జె.సి. మోరిస్ ఆంగ్లాంధ్ర నిఘంటువును ప్రకటించెను. ఈ కృషిని పరాకాష్ఠకు తెచ్చినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఆయన 1798లో కలకత్తాలో జన్మించి, 1817లో చెన్నపట్టణమును, 1820లో కడపను చేరెను. కడపలో పండితులను, లేఖకులను పోషించి, తాళపత్రములను సేకరించి, శుద్ధప్రతులు వ్రాయించెను. వెలికొండలకు తూర్పున నున్న సీతారామపురము, ఉదయగిరి ప్రాంతమునకు పడమటివైపున నున్న సీమ ఆయన కార్యక్షేత్రములలో ప్రధానమైనది.

బ్రౌను తెలుగు-ఆంగ్ల నిఘంటువు 1852లోను, ఆంగ్లాంధ్ర నిఘంటువు 1854లోను వెలువడినవి. 1854లోనే ఆయన మిశ్రభాషా నిఘంటువు నొకదానిని గూడ ప్రకటించెను. జిల్లా కచేరీలలోను, న్యాయస్థానములలోను వాడుకయందుండి, పద్యనిఘంటువులలో చోటులేని హిందుస్తానీ, పారసీ, అరబ్బీ, ఆంగ్లపదము లిందు వివరింపబడినవి. పండితులు అన్యదేశ్యములని త్రోసివేసిన మాటలు లేకున్న రైతునకు తన పన్నురసీదు సైతము అర్థము కాదు. వాడుకలో నున్నది నిఘంటువునకెక్కవలెను అను సూత్రమును బ్రౌను కార్యరూపమున చూపెను. తెలుగు-ఆంగ్ల నిఘంటువు 1903లో పునర్ముద్రిత మైనప్పుడు దానిని సంస్కరించినవారిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారొకరు.

శుద్ధాంధ్ర నిఘంటువుల విషయమున 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరమును, 1936లో ప్రథమసంపుటము వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువును అకారాదిక్రమమును స్థిరపరచినవి. ఆంగ్లము నేర్చు బాలురకు శంకరనారాయణగారి ఆంగ్లాంధ్ర నిఘంటువు అనేక తరములవరకు ఇంటింటి పుస్తకమైనది.

అన్యదేశ్యములను అకారాదిగా కూర్చుటలో ఒక చిక్కు గలదు. ఆంగ్లమున సకారముతో హల్లు కూడి మొదలగు పదములను మన జనులు ఇకారమును ముందు చేర్చి పలుకుదురు: ఇస్కూలు, ఇస్టేషను, ఇస్టాంపు. ఇట్టి పదమును సకారమున వెదకవలెనా, ఇకారమున వెదకవలెనా? ఆంగ్లవర్ణములను బట్టి చూచిన నొక చోటు. తెలుగువాని నాలుకను బట్టి చూచిన వేరొక చోటు. ఇది అపభ్రంశమని నవ్వుటకు ముందు, సంస్కృతమునందలి స్త్రీ శబ్దము ప్రాకృతమున ఇత్థీ యైన సంగతిని స్మరింపవలెను. రెండు వేలయేండ్లకు పూర్వము జనుల నాలుక చేసిన పనినే నేటి జనుల నాలుకయు చేయుచున్నది.

5. ఆంగ్లపదములలో అక్షరసామ్యము

ఇక విద్యార్థి చేతనున్న పట్టికకు వత్తము. ఆంగ్లమున ఓ, యు, జి, హెచ్ అను నాలుగక్షరములు వరుసగా గల పదములు కొన్ని యున్నవి. త్రూ - ద్వారా. దో - అయినను. కాఫ్ - దగ్గు. ఇనఫ్ - చాలినంత. బౌ - చెట్టుకొమ్మ. వ్రాతలో ఈ యైదింటికిని తుది నాలుగక్షరములు ఒకటే. పలుకుబడులు మాత్రము భిన్నములు. అర్థములకు పరస్పరసంబంధ మావంతయు లేదు. తెలుగు లిపికి అలవాటుపడిన బాలుడు, వ్రాసినట్లు పలుకుటయే ధర్మమని నమ్మినవాడు, ఈ పట్టిక యెదుట దిగ్భ్రాంతుడగుట సహజము.

ఇది యొక చారిత్రక పరిణామముయొక్క అవశేషము. ఈ పదములలోని జి, హెచ్ వర్ణములు ప్రాచీనాంగ్లమునందలి యొక కంఠ్యోష్మ ధ్వనికి గుర్తులు. కాలక్రమమున ఆ ధ్వని కొన్ని పదములలో లోపించినది, కొన్నింట ఫకారతుల్యమైనది. కాక్స్‌టన్ 1476లో ఇంగ్లండున ముద్రణాలయమును స్థాపించిన తరువాత వర్ణక్రమము క్రమముగా ఘనీభవించినది. పలుకు మారినది, వ్రాత నిలిచినది. మన శకటరేఫము కథయు నిట్టిదే. పలుకుబడిలో రేఫతో కలిసిపోయినను, వ్రాతలో అది శతాబ్దుల తరబడి నిలిచి విద్యార్థులను బాధించినది. అప్పకవి పట్టికను వల్లించిన తెలుగు బాలుడును, ఆంగ్లవర్ణక్రమమును వల్లించు నేటి బాలుడును ఒకే కష్టము ననుభవించినవారు.

మరియొక యుదాహరణము. లిసన్ అనగా వినుట. సైలెంట్ అనగా నిశ్శబ్దమైన. ఈ రెండు పదములయందును ఆరక్షరములు గలవు. ఆ యారును రెంట ఒకటియే; వరుస మాత్రము వేరు. వినవలెనన్న నిశ్శబ్దముగా నుండవలెను గావున, ఇందేదో గూఢసంబంధము కలదని చమత్కారప్రియులు చెప్పుదురు. చమత్కారముగా అది బాగుగనే యున్నది, జ్ఞాపకముంచుకొనుటకును పనికివచ్చును. కాని చరిత్రము వేరు. సైలెంట్ లాటిను మూలము కలది. లిసన్ జర్మానిక్ కుటుంబపు సొంతపదము. దానికి దూరపు చుట్టము సంస్కృతమునందలి శ్రు ధాతువు. శ్రవణము, శ్రుతి, శ్రోత అను పదములు దానికి జ్ఞాతులు. కంటికి శ్రుతిశబ్దమునకును లిసన్ శబ్దమునకును పోలికయే కానరాదు. ఆరక్షరములును కలిసినచోట చుట్టరికము లేదు. చుట్టరికమున్న చోట అక్షరములు కలియవు.

ఐనచో అక్షరసామ్యము సర్వత్ర వ్యర్థమా? కాదు. ఇన్‌స్పెక్టరు, ప్రాస్పెక్టసు, రెస్పెక్ట్, సస్పెక్ట్ అను పదములను చూడుడు. తనిఖీ చేయువాడు, వివరణపత్రము, గౌరవించుట, అనుమానించుట అని వీని యర్థములు. నాల్గింటను స్పెక్ట్ అను భాగము సమానము. లాటిను భాషలో చూచుట అను నర్థము గల ధాతువు దీనికి మూలము. లోనికి తరచి చూచువాడు ఇన్‌స్పెక్టరు. మరల తిరిగి చూడదగినదానిపట్ల చూపునది రెస్పెక్ట్. క్రిందినుండి చూచుట సస్పెక్ట్. ఇచ్చట అక్షరసామ్యము ధాతుసామ్యమే. సంస్కృతమునందలి స్పశ ధాతువు దీనికి తోబుట్టువు. గూఢచారికి స్పశుడను పేరును, తెలుగువారు నిత్యము వాడు స్పష్టము అను పదమును ఆ ధాతువునుండియే వచ్చినవి. గ్రామమునకు వచ్చి లెక్కలు తనిఖీ చేయు ఇన్‌స్పెక్టరును, ఆయన యడుగు స్పష్టమగు సమాధానమును మూలమున జ్ఞాతులని తెలిసిన విద్యార్థికి ఆ రెండు పదములును ఎన్నటికిని మరపునకు రావు.

ఇట్లే రిపోర్టు, పోర్టరు, ఇంపోర్టు, ఎక్స్‌పోర్టు, ట్రాన్స్‌పోర్టు అను పదములయందు మోయుట అను నర్థము గల లాటిను ధాతువు కలదు. సమాచారమును మరల మోసికొని వచ్చునది రిపోర్టు. మూటను మోయువాడు పోర్టరు. వీనిలో మొదటి రెండు మన పల్లెలలో ఆంగ్లము రానివారి నోటను వినవచ్చును.

6. దారు శబ్దము: ఉదయగిరి సీమ సాక్ష్యము

ఆంగ్లమునకు పూర్వమే మన సీమలో వేరొక రాజభాష పదములను నాటిపోయినది. ఉదయగిరి దుర్గమును 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి జయించిన సంగతి సుప్రసిద్ధము. విజయనగర పతనానంతరము కాలక్రమమున ఆ సీమ మహమ్మదీయ ప్రభువుల వశమై, జాగీరుగా నుండి, పందొమ్మిదవ శతాబ్ది నడిమి భాగము నాటికి కంపెనీ పాలనలో చేరినది. ఆ పాలన మిగిల్చిపోయిన మాటలలో దారు శబ్దాంతములు ముఖ్యములు: జాగీరుదారు, జమీందారు, తాసీల్దారు, ఫౌజుదారు, హవల్దారు, చౌకీదారు, కౌలుదారు, హక్కుదారు. పారసీకమున దార్ అనగా ధరించువాడు, కలవాడు. సంస్కృతమునందలి ధృ ధాతువు దీనికి జ్ఞాతి. కావున జాగీరుదారునందలి దారును, భూధరశబ్దమునందలి ధరయు ఏకమూలములు. సంస్కృతపదము పండితుల వెంటను, పారసీకపదము సిపాయిల వెంటను వేర్వేరు త్రోవల వచ్చి తెలుగున కలిసికొన్నవి.

ఇప్పుడు ఈ పట్టికలోనే దేవదారు అను పదమును చేర్చి చూడుడు. తుది యక్షరములు అవియే. కాని ఈ దారు సంస్కృతశబ్దము. కఱ్ఱ యని దాని యర్థము. తాసీల్దారునకును దేవదారువృక్షమునకును సంబంధము లేదు. అక్షరములు మాత్రమే చూచువాడు ఈ తొమ్మిది పదములను ఒక వరుసన నిలుపును. అర్థము చూచువాడు ఎనిమిదింటిని నిలిపి ఒకదానిని తొలగించును. చరిత్రము చూచువాడు ఆ యెనిమిదింటికి భూధరుని జేర్చును. వర్ణజ్ఞానము, అర్థజ్ఞానము, చరిత్రజ్ఞానము అను మూడు మెట్లును ఈ చిన్న పట్టికలోనే యున్నవి.

7. ఆత్మకూరు, ఉదయగిరి: అక్షరక్రమము చేసిన విభజన

అక్షరక్రమము పదములనే గాక చరిత్రసామగ్రిని సైతము విడదీయగలదు. నెల్లూరు జిల్లాయందలి తామ్రశాసనములను, శిలాశాసనములను బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టి అను నిరువురు సేకరించి 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. ఆంధ్రదేశ చరిత్రపరిశోధకులకు అది నేటికిని అనివార్యమగు గ్రంథము. అందు శిలాశాసనములు తాలూకాలవారీగా, ఆంగ్లవర్ణక్రమమున కూర్పబడినవి. ఆంగ్లమున ఆత్మకూరు మొదటి యక్షరమగు ఏ తో మొదలగును. ఉదయగిరి యు తో మొదలగును. తత్ఫలముగా ఆత్మకూరు తాలూకా శాసనములు ప్రథమసంపుటమునను, ఉదయగిరి తాలూకా శాసనములు తృతీయసంపుటమునను పడినవి.

భూమిమీద ఈ రెండు తాలూకాలును పొరుగువి. రెండును మెట్టసీమలు, ఇరుగుపొరుగు గ్రామముల చరిత్రములు పెనవైచికొన్నవి. ఒక సీమకు చెందిన శాసనములను వరుసగా చదువగోరువాడు ఒక సంపుటమును మూసి మరియొక సంపుటమును తెరువవలసినదే. తెలుగు వర్ణక్రమమున కూర్చియుండినచో ఆకారాది యగు ఆత్మకూరును, ఉకారాది యగు ఉదయగిరియు అచ్చుల వరుసలోనే యుండి యించుమించు ప్రక్కప్రక్కలనే వచ్చియుండెడివి. ఇది సంపాదకుల దోషము కాదు. వారి గ్రంథము ఆంగ్లమున వెలువడినది. కాని యే క్రమమైనను స్వభావసిద్ధము కాదనియు, ప్రతిక్రమమును కొన్నింటిని కలిపి కొన్నింటిని విడదీయుననియు దీనివలన తెలియుచున్నది. పట్టికను ఉపయోగించువాడు ఆ పట్టిక దేనిని విడదీసినదో గూడ ఎరిగియుండవలెను.

8. ఉపసంహారము

పైవిచారమువలన తేలిన యంశములను క్రోడీకరింతము. అక్షరమును బట్టి పదములను కూర్చుట మనకు క్రొత్త కాదు. అమరుని నానార్థవర్గము, లాక్షణికుల శకటరేఫ నిర్ణయము, బాలశిక్షలోని మాటలు దీనికి నిదర్శనములు. సంపూర్ణమైన అకారాదిక్రమము మామిడి వెంకయ్య నాటినుండి ప్రతిష్ఠితమైనది. ఆ క్రమమున కూర్చిన పట్టాభిరామశాస్త్రి ధాతుమాల 1816లో ద్రావిడభాషల స్వాతంత్ర్యమునకు సాక్ష్యమైనది. బ్రౌను దానిని వ్యవహారభాష వరకు విస్తరింపజేసెను.

ఎల్లిస్ వాదమున అక్షరసామ్యము విచారమునకు ఆరంభము మాత్రమే. నిర్ణయము అర్థమును, ధాతువును, వాక్యరచనను పరీక్షించిన తరువాతనే. నేడు ఈ మర్యాదను విస్మరించి, ఏవో రెండక్షరములు కలిసినంత మాత్రమున ప్రపంచభాషలన్నియు తెలుగునుండియే పుట్టినవనియో, తెలుగుమాటలన్నియు సంస్కృతమునుండియే వచ్చినవనియో వ్రాయువారు కలరు. తెలుగునకును తమిళమునకును కన్నడమునకును కన్ను అను పదమునందు గల పోలిక సాక్ష్యమగుటకు కారణము అది ఒంటరిగా లేకపోవుట. అట్టి పోలికలు నియమబద్ధముగా వందలకొలది కలవు. ఒంటరిపోలిక వినోదము, నియతమైన పోలిక ప్రమాణము.

ఇక సీతారామపురము వంటి మెట్టపల్లెలనుండి వచ్చి ఆంగ్లపదపట్టికలతో కుస్తీపట్టు విద్యార్థుల మాట. ఆంగ్లము వారికి జీవనోపాధికి ద్వారము. ఆ ద్వారమునొద్ద వారిని నిలిపివేయుచున్నది తరచుగా పదసంపత్తి కొరతయే. పట్టికను వల్లింపవలదని మేము చెప్పము. వల్లించుట మన విద్యకు పునాదియైనది. కాని పట్టికను వారి చేతికిచ్చు ఉపాధ్యాయుడు మూడు విషయములు చెప్పవలసియున్నది: ఏ పదములు వ్రాతలో మాత్రమే కలిసినవి, ఏవి ధాతువునందు కలిసినవి, వీనిలో ఏవి తెలుగున ఇదివరకే వాడుకయందున్నవి. రిపోర్టు, ఇన్‌స్పెక్టరు, పోర్టరు అను మాటలు ఆ బాలుని యింట ఆంగ్లపుస్తకము రాకమునుపే యున్నవి. తనకు తెలిసినదానినుండి తెలియనిదానికి నడచుట అతనికి సులభము. తెలుగుమాధ్యమమున చదివినందువలన ఆంగ్లము రాదను న్యూనత అతనికి కలుగ నక్కరలేదు. స్పష్టమునకు స్పెక్ట్‌తోను, శ్రుతికి లిసన్‌తోను, దారునకు ధరతోను గల సంబంధమును గుర్తింపగల సాధనము, అనగా తత్సమ దేశ్య వివేకము, తెలుగు చదివినవానికే ముందుగా అబ్బును.

ఆ వివేకమును పందొమ్మిదవ శతాబ్ద్యారంభమున ఒక బందరు వైశ్యుడును, ఒక చెన్నపట్టణపు శాస్త్రియు పట్టికలరూపమున మనకిచ్చిపోయిరి. ఆ పట్టికలను తెలుగుశాఖల పాఠ్యక్రమమున నిఘంటుచరిత్రగా మాత్రమే గాక, భాషాశాస్త్రమునకు తొలి పాఠముగా చేర్చుట యుక్తమని మా యభిప్రాయము.